పెద్దమ్మాయి సముద్రస్నానం

ఆయన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. అసలు పేరు వేరే ఉంది కానీ, అడిగితే ఆయన భార్య కూడా కాస్త ఆలోచించి చెప్పాల్సిందే. కలప అడితిలో గుర్రబ్బండి తోలడం ఆయన పని. లారీలు దూరలేని సందుల్లోకి దూలాలూ పలకలూ చేరవెయ్యాలి, ఎవరి గోడా గీసుకోకూడదు, ఎవరి మెట్టూ విరక్కూడదు. తొందరపడేవాడికి ఆ పని పొరపాటున కూడా అప్పగించకూడదు. అందుకే అడితి ఆసామి ఆయన్ని రోజూ తిడతాడు, ఏ రోజూ మానిపించడు.

ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నమ్మాయి ఇంట్లో ఉంటుంది, పెద్దమ్మాయి కొట్టంలో ఉంటుంది. పెద్దమ్మాయి అంటే బండి లాగే గుర్రం. కూతురు పుట్టక ముందే ఇంటికొచ్చింది కనక పెద్దరికం దానిదే. "నవమాసాలు మోసి నేను కన్నది చిన్నదైందా? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం!" అని భార్య సణుగుతూనే ఉంటుంది. సణుగుతూనే క్యారెట్లన్నీ కొట్టంలోకి పట్టుకెళుతుంది, కూర మాట దేవుడెరుగు.

అలాంటి పెద్దమ్మాయికి వానలో కష్టం వచ్చింది. కలపతో నిండిన బండి చక్రం కాలవలోకి జారి, దాని వెనక కుడికాలు మెలిపడింది. మందులు వేశారు, కట్లు కట్టారు. వాపు మాత్రం దిగనంటే దిగనంది. కాలు నేలకి ఆనించడం మానేసింది. గిట్ట చివర మాత్రం తాకించి, మిగతా బరువంతా మూడు కాళ్ళ మీద వేసుకుని వణుకుతూ నిలబడేది. బక్కెట్లో ఉప్పునీళ్ళు పెట్టి కాలు ముంచబోతే బక్కెట్టు ఎగిరి పక్కింటి ప్రహరీ దాటింది.

పశువుల డాక్టరు మంచివాడే, మాట దాచలేదు. "చివరిగా ఒక్కటే మిగిలింది. సముద్రంలోకి తీసుకెళ్ళి చల్లటి నీళ్ళలో నిలబెట్టు. ఆ కాలు కాస్త ఆనించిందంటే ఆశ ఉన్నట్టే, రోజూ తీసుకెళ్దువుగాని. లేదంటే రేపు సాయంత్రం నేనే వస్తాను. సూది వేస్తే నొప్పి తెలీకుండా ప్రాణం పోతుంది. ఇలా నిలబెట్టి ఉంచడం పాపమయ్యా" అన్నాడు. నిదానం సరేనని తలూపి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, తినడం మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బావమరిది లారీ తెచ్చాడు. భార్య కూడా ఎక్కింది. "నువ్వెందుకే?" అంటే "అది మీ ఒక్కరి కూతురా?" అంది.

పెద్దమ్మాయి సముద్రం పేరైనా వినలేదు. నిదానం మాత్రం ఏం తక్కువ? ఎప్పుడో ఒడ్డున నిలబడి చూడటమే కానీ పాదం తడిపినవాడు కాదు. లారీలోంచి దాన్ని దింపుతూనే ఆయన చేసిన మొదటి పని, గుర్రం కళ్ళకున్న తోలు గంతలు ఇంకో రంధ్రం బిగించడం. బండి తోలేవాళ్ళ పద్ధతే అంత. కొత్త చోటికి వెళితే గంతలు బిగిస్తారు, గుర్రానికి ఎదురుగా ఉన్న దారి తప్ప ఇంకేమీ కనబడకూడదు. పైగా ఒకసారి గంతల్లేని పెద్దమ్మాయి, తీగ మీద ఎగిరే దుప్పటి చూసి బెదిరి, ఆయన్ని వీధి పొడుగునా ఈడ్చుకుపోయింది. ఆ మచ్చ మోచేతి మీద ఇంకా ఉంది. అప్పట్నుంచి గంతల్లేకుండా దాన్ని గడప దాటించలేదు.

ఇసక దాకా బాగానే వచ్చింది. పక్కన అల విరిగిన చప్పుడు చెవిన పడగానే ఉన్నచోటే బిగుసుకుపోయింది. చెవులు ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగాయి. ఒళ్ళంతా చెమట. నిదానం ముందునుంచి పగ్గం లాగాడు, బావమరిది వెనకనుంచి తోశాడు. "బావా, ఇది గనక తన్నిందంటే ఆ సూదేదో నాకూ ఒకటి వెయ్యమను!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇంతలో పెద్ద అల ఒకటి దభీమంది. గుర్రం ముందుకాళ్ళు రెండూ పైకెత్తేసింది. బరువంతా వెనక్కాళ్ళ మీద పడి, అదో మూలుగు మూలిగింది.

"ఇక చాలు బావా, దాన్ని హింసపెట్టకు. ఇంటికెళ్ళిపోదాం" అన్నాడు బావమరిది.

ఇంటికెళ్ళడమంటే సాయంత్రం డాక్టరు రావడమే. నిదానం పగ్గం వదల్లేదు, లాగనూ లేదు.

అప్పుడు భార్య విరుచుకుపడింది. "ఏమండీ, మీకసలు బుద్ధుందా? పక్కనుంచి ఏదో అరుస్తోంది, అదేంటో దానికి కనబడదు. నాకైతే ఈపాటికి గుండె ఆగిపోయుండేది. ముందు ఆ గంతలు తియ్యండి!"

"తీస్తే బెదిరి పరిగెడుతుందే! ఈ కాలుతో పరిగెడితే ఇక్కడే కూలిపోతుంది. నా చేతుల్తో నేనే..."

"ఎలాగూ సాయంత్రానికి పోయేదేగా! చూసి పోనివ్వండి."

ఎంత మాటంది! కానీ అబద్ధం కాదుగా. నిదానం పట్టీ విప్పాడు, పగ్గం మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పోతే ఇద్దరం పోదాం అనుకున్నాడు కాబోలు.

పగ్గం గుంజుకోలేదు. కళ్ళు తెరిచి చూస్తే పెద్దమ్మాయి తల తిప్పి సముద్రాన్ని చూస్తోంది. ఈ చివర చూసింది, ఆ చివర చూసింది. అల లేవడం చూసింది, విరగడం చూసింది, వెనక్కి పోవడం చూసింది. ఓహో, ఇంతేనా ఇంతసేపూ అరిచింది అన్నట్టు చెవులు రెండూ ముందుకు పెట్టింది. మెడ వంచి నురగ వాసన చూసింది, అది ముక్కులోకి పోతే బుర్రుమని చీదింది. ఆపైన వెనక్కి పోయే నీళ్ళ వెంట కుంటుకుంటూ తనే నడిచింది. నిదానం దాని వెనకాల ఒక చెప్పు పోగొట్టుకుని, పంచె తడుపుకుని, "ఓయ్, ఓయ్, ఆగవే తల్లీ, నాకు ఈత రాదే!" అని అరుస్తూ నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ఒడ్డున అక్కాతమ్ముళ్ళు పడీపడీ నవ్వారు.

మోకాళ్ళ లోతులో అది ఆగింది. చల్లటి నీళ్ళు కాళ్ళ చుట్టూ తిరిగి పోతున్నాయి. నిదానం నడుం దాకా తడిసి ఆ కుడికాలు వంకే చూస్తున్నాడు. నీళ్ళు పల్చబడినప్పుడు గిట్ట కనబడుతోంది, ఇంకో అల వస్తే మాయమవుతోంది. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత పెద్దమ్మాయి పెద్ద నిట్టూర్పు విడిచి, ఒంటి బరువు అటునుంచి ఇటు మార్చుకుంది. ఈసారి నీళ్ళు వెనక్కి పోయాక చూస్తే కుడి గిట్ట మొత్తం ఇసకలో దిగబడి ఉంది. అలిసిపోయిన వెనక ఎడమకాలు వదులుగా వాల్చి అది కునుకు తీస్తోంది.

"హమ్మయ్యా!" అని ఆయన అరిచిన అరుపుకి ఒడ్డున కాకులు లేచిపోయాయి. దాని మెడ కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్ళలోకి వచ్చి, ఫోను ఆయన చెవికి ఆనించింది. అవతల డాక్టరు హలో, హలో అంటున్నాడు.

"సాయంత్రం రాకండి డాక్టరుగారూ," అన్నాడు నిదానం. "మీకు దణ్ణం పెడతాను, రాకండి."