పెదనాన్నకి తొడిగిన బూట్లు

ఈ ఏడాది వానలు మొదలవకముందు, బజారు పేట పబేడాన్‌లో కళ్లజోడుకి అద్దాలు మార్పించుకుని వస్తూ, రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరిచిన చోట ఆగాను. కొత్త అద్దాల పనితనం చూద్దామని చేతికందిన ప్లాస్టిక్ కవరొకటి తీసి కళ్ల దగ్గర పెట్టుకున్నాను. లోపల పాతకాలపు హాకీ కార్డు. ఒకప్పుడు బిస్కెట్ పొట్లాల్లో ఇలాంటివి పెట్టి అమ్మేవారు. పేకముక్క కంటే కాస్త చిన్నది, ముందువైపు ఆటగాడి రంగుల బొమ్మ, వెనకవైపు బర్మీస్‌లో నాలుగు వాక్యాలు. కర్ర రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి నిలబడ్డ ఆ మనిషి మా పెదనాన్న. కాళ్లకి ముదురు గోధుమరంగు బూట్లు. ఆ బూట్లు చూడగానే నాకు ఒళ్లు మండింది. కొట్టతను నా మొహం చూసి ఏమనుకున్నాడో, నేను అడగకుండానే ధర తగ్గించాడు.

పెదనాన్న ఓడరేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. అంతకుముందు మా తాతదీ అదే పని. సాయంత్రమయ్యేసరికి రేవు జట్టులో హాకీ ఆడేవాడు, గోలుకి ముందు నిలబడి అవతలివాళ్లని ఆపడం ఆయన వంతు. జన్మలో బూటు ఎరగడు. పాదాలు వెడల్పుగా, వేళ్లు ఎడం ఎడంగా ఉండేవి. ఆటయ్యాక వచ్చి మా ఇంటి మెట్ల మీద కూర్చుంటే నేను ఆ పాదాలకి కొబ్బరినూనె రాసేదాన్ని. ఒక్కో దెబ్బకీ ఒక్కో మ్యాచ్ కథ చెప్పేవాడు. అదే మచ్చకి వారం తిరిగేసరికి వేరే మ్యాచ్ తగిలించేవాడు, నేను పట్టుకుంటే నవ్వేసేవాడు. ఒక ఏడాది ఆ జట్టు కప్పు గెలిచింది. బిస్కెట్ కంపెనీవాళ్లు మైదానానికే వచ్చి పదకొండుమందికీ ఫొటోలు తీశారు. ఫొటోగ్రాఫరు ఎవరివో బూట్లు తెచ్చి తొడుక్కోమంటే పెదనాన్న పాదం సగం కూడా దూరలేదు. సరే, అలాగే నిలబడమన్నాడు. వట్టికాళ్లతోనే తీశాడు. నేను గట్టుమీద కూర్చుని చూశాను. తీరా కార్డులు వచ్చేసరికి, రంగులు వేసినవాడెవడో ఆ పాదాల మీద శుభ్రంగా బూట్లు గీసేశాడు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బూట్ల సంగతి నాకేం పట్టింది? మా పెదనాన్న బిస్కెట్ పొట్లంలో ఉన్నాడు, అంతే. ఆ వానాకాలమంతా నోరు చప్పబడేదాకా బిస్కెట్లు తిని, పక్కింటి పిల్లలతో మార్చుకుని, పదకొండు కార్డులూ పోగుచేసి పౌడరు డబ్బాలో దాచుకున్నాను. ఒక మధ్యాహ్నం పెదనాన్న ఎక్కడినుంచో వచ్చాడు. నా డబ్బా తీసి, కార్డులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పొయ్యిలో పెట్టాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వేలాడుతూ ఏడుస్తున్నా ఆగలేదు. "ఈ కాళ్లు నాయి కావు" అన్నాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత ఆయనకి నూనె రాయలేదు నేను. ఇంట్లోవాళ్లు చిన్నపిల్ల అలక అనుకున్నారు. అది అలక కాదు, కోపం, నాతోపాటే పెరిగింది. కొన్నేళ్లకి ఆయన పని మానేసి, కూతురి దగ్గర ఉండడానికి నది అవతలి ట్వంటే ఊరికి వెళ్లిపోతున్న రోజున కూడా నేను కిందకి దిగలేదు. అక్కడే పోయాడు.

ఆ కార్డు కొని తెచ్చుకున్నాక మిగతా పదీ కావాలనిపించింది. ముచ్చటపడి మొదలుపెట్టిన సేకరణ కాదిది. ఆయన తగలబెట్టినవన్నీ తెచ్చి చూపిస్తానన్న పంతం. చూపించడానికి మనిషి లేడన్న సంగతి పంతానికి పట్టదు కదా. సంచౌంగ్‌లో ఉండే మా అమ్మాయి మొదట నవ్వి, తర్వాత ఫోన్‌లో వెతికి పాత కార్డులు అమ్మేవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని పట్టిచ్చింది. నాలుగు నెలల్లో, మొదటిదాంతో కలిపి ఏడు కార్డులయ్యాయి. అవి పట్టుకుని ట్వంటే వెళ్లాను, పెదనాన్న కూతురు, మా అక్క దగ్గరికి. మీ నాన్న చేసిన పని చూడు అని దెబ్బలాడడానికే వెళ్లాను.

అక్క తడిచెయ్యి తుడుచుకుని వాటిలోంచి పెదనాన్న కార్డు తీసుకుంది. చాలాసేపు చూసింది. నేను పొయ్యి సంగతి ఎత్తగానే తలెత్తి నావైపు చూసింది.

"ఏటే, ఇన్నాళ్లూ నీకు తెల్దా? ఆ పొద్దు మా అయ్య ఈ బొమ్మట్టుకుని కంపెనీ ఆఫీసుకెల్లినాడు, నా కాళ్లు నాకు గీసియ్యండని అడగడానికి. గుమ్మం కాడోడు కాళ్లు సూసి, బూట్లు లేనోడు లోపలికి రాకూడదన్నాడంట. ఈ బొమ్మలోన ఉన్నోడిని నానే అని సూపించినాడు. బొమ్మలోనోడికి బూట్లున్నాయి, నీకేవీ అన్నాడంట."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్పద్దన్నాడు. పిల్ల నామీద కోపమెట్టుకున్నా పరవానేదు, జాలి పడకూడదన్నాడు."

తిరుగు పడవలో ఆ కార్డే చూస్తూ కూర్చున్నాను. అంతవరకూ ఆయన మీదున్న కోపం ఇప్పుడు రెట్టింపై, రంగు వేసినవాడి మీదికీ, గుమ్మం దగ్గరవాడి మీదికీ, మెట్లు దిగని నా మీదికీ మళ్లింది. మర్నాడు ఆ కార్డు కవరులోంచి తీసి, వెనకవైపు ఖాళీలో పెన్నుతో బర్మీస్‌లో రాశాను, కింద తెలుగులోనూ రాశాను: "ఈయన వట్టికాళ్లతో ఆడి గెలిచాడు. ఈ బూట్లు కంపెనీవాళ్లు గీసినవి." చివర నా పేరు, ఆయనకి నేనేమవుతానో కూడా రాశాను. పుస్తకాల కొట్టతనికి చూపిస్తే తల పట్టుకున్నాడు. పెన్ను తగిలిన కార్డు ఇక ఎవరూ కొనరు, పాడుచేశారు ఆంటీ అన్నాడు. దాన్ని పాడుచేసి అరవై ఏళ్లయింది, నేను బాగుచేశానన్నాను. మిగిలిన నాలుగూ దొరికితే చెప్పమన్నాను.

ఎనిమిదేళ్లప్పుడు పుట్టిన నా కోపానికి అసలు ఎవరి గుమ్మానికి వెళ్లాలో తెలియడానికి ఒక జీవితకాలం పట్టింది. తెలిసేసరికి ఆ ఆఫీసూ లేదు, గుమ్మంలో అడ్డు నిలబడ్డ మనిషీ లేడు, కోపం ఒక్కటే ఇంకా పడుచుగా ఉంది.