టైమౌట్‌లో సారు గొంతు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసే డైరీలో కూడా పెట్టలేదు. మా కాలేజీ అమ్మాయిల వాలీబాల్ జట్టు టైమౌట్ తీసుకున్నప్పుడల్లా సారు అరిచి చెప్పిన మాటలు నావి.

ఆయన కోచ్, నేను అసిస్టెంట్. సారు ఒకప్పుడు కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్స్ గని జట్టుకు ఆడినవారు. గనులు మూతపడ్డాక మా కాలేజీకి వచ్చారు. ఆట జరుగుతున్నప్పుడు ఆయన బంతిని చూసేవారు. నేను అవతలి అమ్మాయిల పాదాలు చూసేదాన్ని. అడుగు పడే తీరును బట్టి బంతి ఎటు వస్తుందో తెలిసిపోయేది. కానీ నలుగురి ముందు నోరు తెరవాలంటే చిన్నప్పటినుంచీ నాకు గొంతు ఎండిపోతుంది. అందుకని విజిల్ పడగానే ఆయన చెవి దగ్గరికి వెళ్లి చెప్పేదాన్ని. ఆయన తలూపి, అమ్మాయిల వైపు తిరిగి అరిచేవారు.

ఒకసారి కోలారులో ఫైనల్ ఆడుతున్నాం. చివరి సెట్. అవతలి జట్టులో పొడుగమ్మాయి ఎగిరి దిగేటప్పుడు కాలు ఈడుస్తోంది. ఇక గట్టిగా కొట్టలేదు, నెట్ మీదుగా బంతిని మెల్లగా జారవిడుస్తుంది అని సారు చెవిలో చెప్పాను.

"ఏయ్, ఆ పొడుగుపిల్ల ఇంగ కొట్టదు, మెల్లిగా ఏస్తాది! ఇద్దురు ముందరికి రాండి! ఆడేదానికి వచ్చినారా, ఇడ్లీ తినేదానికి వచ్చినారా?"

"ఇడ్లీ యాడ సార్? పొద్దున్నించి బన్నే కదా పెట్టింది!" అంది మా కెప్టెన్. అందరూ నవ్వారు. నవ్వుతూనే గెలిచారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కెప్టెన్ నా పక్కన కూర్చుంది. "సారుకి ఎట్ల తెలిసింది మేడమ్, ఆ పాప మెల్లిగా ఏస్తాదని?"

"అనుభవం" అన్నాను.

"మీరు గూడా ఒగసారి అరవండి మేడమ్, విందాము" అంది. వెనక సీట్లవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను లైబ్రరీ నవల తెరిచి ముఖం దాచుకున్నాను. ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది. మాట ఎవరి నోట వస్తే ఏమిటి, సారుకు తెలుసు కదా అనుకున్నాను.

నాది ఏటేటా పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. నెట్ కట్టడం, బంతులకు గాలి కొట్టడం, ప్రాక్టీసులో స్టూలు మీద నిలబడి భుజం లాగేదాకా అమ్మాయిల మీదికి బంతులు కొట్టడం, అన్నీ నా పనులే. బెంగళూరులో ఒక స్కూలువాళ్లు పిలిచినా వెళ్లలేదు. సారు రిటైరైతే కోచ్ పోస్టు నాకు వస్తుందని, ఆయనే ఇప్పిస్తారని నమ్మకం.

సారు రిటైరయ్యే ముందు ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిచారు. ఈ అమ్మాయి జట్టును నడపగలదా అని సారును అడిగారు.

"పిల్ల మంచిది సార్, ఒగ మాట అనేదానికి లేదు. అయితే గొంతు లేదు. టైమౌట్‌లో ఆయమ్మ మాట్లాడింది మీరు ఎప్పుడన్నా విన్నారా?"

ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నా నాలుక కదల్లేదు. సారు గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నారు. ఆయన చెయ్యాల్సిందల్లా ఒక్కసారి నా వైపు తిరగడం. తిరగలేదు.

సారు చెప్పిన మనిషినే తీసుకున్నారు. ముళబాగిలు ఊరాయన, సారు పాత శిష్యుడు. వచ్చిన మొదటిరోజే ఆయన అరుపు ఆండర్సన్‌పేట బజారు దాకా వినిపించి ఉంటుంది. నా ఉద్యోగాన్ని ఇంకో ఏడాది పొడిగించారు. అదే అసిస్టెంట్‌గా.

వీడ్కోలు సభ అయ్యాక సారు మెడలో దండతోనే బంతుల గదికి వచ్చారు. నేను పంపు కొడుతున్నాను.

"కోపమా అమ్మా?"

"మీకు తెలుసు కదా సార్, ఆ మాటలన్నీ ఎవరివో" అన్నాను. అది కూడా ఆయన వంగి వినాల్సి వచ్చింది.

సారు వాకిలి వైపు చూశారు. వరండాలో ఎవరూ లేరు. అప్పుడు గొంతు బాగా తగ్గించి చెప్పారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట ఇదే.

"కొత్తాయనకి గూడా అట్లే చెవిలో చెప్పమ్మా. పాపం, ఆయనకి ఏమీ తెలీదు."