పడవకి కట్టేసిన ఇంటర్నెట్ కేబుల్

ఇవాళ సాయంత్రం ఐదింటికి మా టీమ్‌కి ఆన్‌లైన్ క్వాలిఫయర్ మ్యాచ్. మాయాబందర్‌లో మా ఇంటి వైఫై మీద ఆడితే, నేను కాల్చిన తూటా ఆటలో నేను చచ్చాక బయలుదేరుతుంది. అందుకే రౌటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా పెట్టుకుందామని పొడుగాటి కేబుల్ తెప్పించుకున్నాను. మా దీవికి ఓడలో రావడానికి నెల పట్టింది. నిన్న వరండాలో పెట్టాను. ఇవాళ డ్యూటీ నుంచి వచ్చి చూస్తే లేదు. చేపల వేట నుంచి వచ్చిన నాన్నని అడిగాను.

"ఆ నీలం రస్సీయా? మజ్‌బూత్‌గా ఉందిరా, దాంతో పడవ కట్టేసినాను. కొసల్లో పలాస్టిక్ ముక్కలు ముడికి అడ్డొత్తన్నాయని కోసేసినాను."

"నాన్నా, అది ఇంటర్నెట్ తీగ! గంటలో మ్యాచ్!" దాదాపు ఏడ్చేశాను.

నాన్న ఒడ్డుకి వెళ్ళాడు. పడవని ఒక్కడే ఇసుక మీదికి లాగి, కేబుల్ విప్పి తెచ్చి, ఉప్పునీళ్ళు తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇంద, ఆడుకో."

ఇంకా ఇరవై నిమిషాలుంది. దీనికి కొత్త కొసలు బిగించేవాళ్ళు జెట్టీ దగ్గర ఎవరైనా ఉంటే వెంటనే ఈ గ్రూపులో చెప్పండి భయ్యా. ఇది పనిచెయ్యదని నాన్నకి చెప్పలేదు. నేను ఆడితే చూడాలని కుర్చీ తెచ్చుకుని నా వెనకే కూర్చున్నాడు.