నాయనమ్మ దించిన కిటికీ

మొన్న మా ఇంటి కిటికీలు మార్చడానికి నరసరావుపేట నుంచి కొలతలు తీసే మనిషి వచ్చాడు. తుమ్మచెక్కతో చేసిన పాత రెక్కలకు చెదలు పట్టి, ఈ వానాకాలం రెండు ఊడి చేతికొచ్చాయి. బడిలో పాఠాలు చెబుతూ నాతోనే ఉంటున్న మా అమ్మాయి, పక్కకు జరిపే అద్దాలు, దోమల జాలీ ఉన్న తెల్ల ప్లాస్టిక్ కిటికీలు పెట్టిద్దామంది. నాకు అభ్యంతరం లేదు. అతను తెచ్చిన చట్రం ముక్కను తిప్పి చూసి, లోపలంతా బోలుగా ఉన్న ఈ వస్తువు గాలివానకు ఎలా ఆగుతుందా అని వింతపడ్డాను కూడా.

మూడు కిటికీలు ఒకే కొలతకు వచ్చాయి. వీధిగదిలో నాలుగోదాని దగ్గర అతను టేపు వదిలేసి నా వైపు చూశాడు.

“ఇదేంది బాబాయ్, దీన్ని నేల మీద కూర్చోబెట్టారు?”

కింద కాస్త ఇటుక కట్టి మిగతావాటితో సమానం చేస్తే పని తొందరగా అవుతుందనీ, చూడటానికీ బాగుంటుందనీ అన్నాడు. అమ్మాయి సరేనంది. నేను ఆగమన్నాను. ఆ కిటికీని అంత కిందికి ఎవరు దించారో నాకు తెలుసుగానీ, ఎందుకు దించారో తెలియదు.

నాన్న ఈ ఇల్లు కట్టేనాటికి నేను చిన్నవాణ్ణి. నాయనమ్మ అప్పటికే తుంటి విరిగి మంచానికి పరిమితమైంది. గోడలు కిటికీల మట్టానికి లేచాక, తనను మంచంతో సహా తీసుకెళ్ళి వీధిగదిలో పెట్టమని పట్టుబట్టింది. మంచం మీద కూర్చుని బయటికి చూసి, ఒక వరస రాయి తీయమంది మేస్త్రీని. తీశాడు. మళ్ళీ చూసి, ఇంకో వరస అంది.

“ఇంకా తీస్తే కిటికీ కాదు పెద్దమ్మా, గడప అవుద్ది!”

“అయితే అవనీ. నేనేమన్నా నిలబడి చూసేదాన్నా ఏంది?”

ఎందుకని నాన్న అడిగితే గాలికి అంది. వేసవిలో ఆ వైపు నుంచి వచ్చేది వడగాలే కాబట్టి ఆ మాట ఎవరూ నమ్మలేదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా దాన్ని చూసి నవ్వేవాళ్ళు, నాన్న మేస్త్రీ మీదికి నెట్టేసేవాడు.

ఆ రోజుల్లో నాన్న ఊరి తగాదాల్లో తిరిగేవాడు. ఊరు రెండుగా చీలి ఉండేది, పొద్దున పంచాయితీకి వెళ్ళిన మనిషి సాయంత్రం ఏ మాట పడి వస్తాడో, అసలు ఎలా వస్తాడో తెలిసేది కాదు. ఆయన వచ్చేదాకా నాయనమ్మ అన్నం ముట్టేది కాదు. ఆయన ఇంకా వాకిట్లోకి రాకముందే మా అమ్మను కేకేసి, “ఏమే, వాడికి నీళ్ళు తోడు,” అనేది. చెప్పుల చప్పుడు వినపడుతుందేమో అనుకునేవాళ్ళం. పిల్లలమైన మమ్మల్ని మాత్రం ఆ మంచం ఎక్కనిచ్చేది కాదు.

నా భార్య కాపురానికి వచ్చిన కొత్తలో, వీధిలో పోయేవాళ్ళంతా ఇంట్లోకి చూస్తున్నారని ఆ కిటికీకి పాత చీరతో సగం తెర కట్టింది. చివరి ఏడాది, జబ్బు ముదిరాక, ఆ తెర తీయించి తన మంచం అక్కడే వేయించుకుంది. నేను మందులకు నరసరావుపేట వెళ్ళి సాయంత్రం బస్సులో తిరిగొచ్చేవాణ్ణి. గడప తొక్కకముందే లోపలినుంచి, “మళ్ళీ ఆ అరటిపళ్ళెందుకు తెచ్చారు, నేను తిననుగా,” అనేది. ఎట్లా తెలిసిందని అడిగితే, “తెలుస్తదిలే,” అని ఊరుకునేది. వాసన పసిగట్టిందేమో అనుకున్నాను. ఆ ఏడాదంతా నేను ఆ కిటికీకి వీపు పెట్టి, ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

కొలతల మనిషి జవాబు కోసం నిలబడే ఉన్నాడు. ఆలోచించుకోవడానికని, ఇంకా అక్కడే ఉన్న నా భార్య మంచం మీద కూర్చున్నాను, బయటికి చూశాను.

మా ఇంటి పునాది ఎత్తు. గదిలో నిలబడి చూస్తే ఎదురింటి రేకుల పంచ కప్పు తప్ప ఆ వైపు ఇంకేమీ కనపడదు. కూర్చుంటే చూపు ఆ రేకుల కిందుగా వెళ్ళి, పంచ స్తంభాల మధ్య నుంచి బస్సు ఆగే మలుపు దాకా సాగింది. మలుపులో ఒకావిడ గడ్డిమోపు దించుకుని చెమట తుడుచుకుంటోంది. నాయనమ్మ కాలంలో అక్కడ రేకులు లేవు, తాటాకు చూరు కిందికి వేలాడుతూ ఉండేది. ఆమె రెండు వరసలు తీయించింది ఆ చూరు అడ్డు తప్పడానికే.

“ఏముంది బాబాయ్ అక్కడ?” అన్నాడతను.

రోడ్డు, అన్నాను. నిలబడినా కనపడుద్దిగా అంటూ వచ్చి చూశాడు, కనపడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, “ఓర్నీ!” అన్నాడు. అమ్మాయి నా పక్కన కూర్చుని చూసింది. అక్కడినుంచి తొందరగా లేవలేదు.

ఇటుక కట్టే మాట మళ్ళీ రాలేదు. రెండు అద్దాలూ కలిసే నడిమి పట్టీ మలుపుకు అడ్డం రాకూడదన్నాను. నేను కూర్చుని ఉండగా అతను ఓ కర్రను అటూ ఇటూ జరిపి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టుకున్నాడు.

కొత్త కిటికీ వచ్చింది. దుమ్ము రావడం లేదు, దోమలూ తగ్గాయి. ఇప్పుడు ఎవరి రాక కోసమూ కిటికీ దగ్గర కూర్చోనక్కర్లేదు. బయలుదేరానని అమ్మాయి ఫోనులో చెబుతుంది, బస్సు ఎక్కడుందో కూడా అందులోనే కనిపిస్తుందట. అయినా నిన్న సాయంత్రం కూర్చున్నాను. అమ్మాయి మలుపులో బస్సు దిగి, కాసేపు అక్కడే ఆగి, సంచీని ఒక భుజం మీదనుంచి రెండో భుజానికి మార్చుకుని, మొదటి భుజాన్ని చేత్తో నొక్కుకుంది. భుజం నొప్పి సంగతి నాతో ఎప్పుడూ అనలేదు.

లోపలికి రాగానే సంచీ అందుకుని, వేడినీళ్ళు పెట్టాను, భుజానికి కాపడం పెట్టుకోమన్నాను.

“నీకెట్టా తెలిసింది నాన్నా?”

తెలుస్తదిలే, అన్నాను.