పన్నెండు సీసాల నీళ్ళు

2023 ఎండాకాలం. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం నాకది ఇరవై రెండో ఏడు. ఫ్యాను వేస్తే ల్యాబ్‌లో కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే మనం ఉడికిపోతాం. అలాంటి రోజుల్లో లావణ్య మా ల్యాబ్‌లో నీళ్ళ పరీక్షలు చేసుకునేది. వనపర్తి అమ్మాయి, ఒకప్పటి నా స్టూడెంటు, అప్పటికి పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉంది. గైడ్ ఎక్కడో యూనివర్సిటీలో ఉంటారు కాబట్టి ఇక్కడ మంచీ చెడూ చూసేదాన్ని నేనే.

ఆమె టాపిక్ బోరునీళ్ళలో ఫ్లోరైడ్. అది నీళ్ళలో కరిగి ఉండే పదార్థం. కంటికి కనబడదు, నోటికి తెలియదు. ఎక్కువైతే పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దవాళ్ళ కీళ్ళు బిగుసుకుపోతాయి. తెలకపల్లి వైపు ఒక ఊళ్ళో నల్లా నీళ్ళన్నీ ఒకే బోరు నుంచి వస్తాయి. దాన్నే బడి ట్యాంకుకు కూడా కలపాలని పంచాయతీ వాళ్ళ ఆలోచన. సర్పంచ్ నాకు ఫోన్ చేశాడు.

"మేడం, మీరెట్లాగు పరీక్ష చేస్తున్నరు గదా. నీళ్ళు మంచిగున్నయని ఒక కాగితమియ్యిన్రి, పైపులేస్తం."

అంటే బడిపిల్లలు రోజూ తాగబోయే నీళ్ళకు నేను పూచీ అన్నమాట. "దానికేం, ఇస్తాను" అన్నాను, పెన్ను ఇచ్చినంత తేలిగ్గా.

శాంపిల్స్ ఎలా తేవాలో కూడా నేనే చెప్పాను. "ఇల్లిల్లూ తిరిగితే వడదెబ్బ తగులుతుంది. మహిళా సంఘం లీడర్ చేతికి పన్నెండు సీసాలిచ్చి రా. పన్నెండిళ్ళ నీళ్ళు పట్టించి ఉంచుతుంది, మర్నాడు తెచ్చుకో." లావణ్య కాస్త నసిగింది. నేను వినలేదు.

మా పరీక్షలో నీళ్ళకు ఎర్రటి రీయేజెంట్ కలుపుతాం. రీయేజెంట్ అంటే పరీక్షకు వాడే రసాయనం. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. ఆ పన్నెండు శాంపిల్స్‌లోనూ ఎరుపు చెక్కుచెదరలేదు. గ్రాఫ్ మీద పన్నెండు చుక్కలూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీతలో పడ్డాయి.

"నా సర్వీసులో ఇంత చక్కటి గ్రాఫ్ చూడలేదు. చాప్టర్ రాసేయ్" అన్నాను.

లావణ్య సంతోషించలేదు. "మేడం, ఆ ఊళ్ళో పిల్లల పళ్ళు గారపట్టి ఉన్నాయి. టీడీఎస్ కూడా చూద్దామా?" అంది. నీళ్ళలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని టీడీఎస్ అంటారు. నిమిషంలో అయ్యే పని. "నువ్వొట్టి అనుమానప్పక్షివి" అని నవ్వి, రిపోర్టు మీద సంతకం చేసి, స్టాంపు వేసి, బ్యాగులో పెట్టుకున్నాను.

వారం తర్వాత ఇద్దరం ఆ ఊరికి వెళ్ళాం. ముందు సంఘం లీడర్ బాలమ్మ ఇంటికి. ఆమె గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ళు వంగడం లేదు. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళకోసం మూలనున్న కుండను దాటిపోయి, పక్కనున్న నీలం మినరల్ వాటర్ క్యాను వంచింది.

"కుండనీళ్ళే ఇవ్వమ్మా, చల్లగా ఉంటాయి" అన్నాను.

"అయ్యో, ఆ బోరు నీళ్ళు మీకెట్లిస్త మేడం? అవి మేము తాగెటందుకు. సుట్టాలొస్తె క్యాన్ తెప్పిస్తం."

గ్లాసు అందుకోబోతున్నదాన్ని ఆగిపోయాను. "మరి ఆ రోజు సీసాల్లో ఏ నీళ్ళు పోశావు?"

"గివే!" ఆమె మొహం వెలిగిపోయింది. "పన్నెండిండ్లోళ్ళం కల్సి ఒక్క క్యాన్ తెప్పించి అన్నిట్ల పోసినం. సదువుకునే పిల్ల గంత ఎండల మా ఊరికొచ్చి నీళ్ళడిగితె, ఉప్పునీళ్ళిస్తమా? ఊరి ఇజ్జత్ పోదా?"

లావణ్య నావైపు చూసింది. ఒకే క్యాను నీళ్ళు పన్నెండు సీసాల్లో పోస్తే చుక్కలు ఒకే గీతలో పడక ఎక్కడికి పోతాయి? దాన్ని చూసి నేను మురిసిపోయాను!

ఇంతలో సర్పంచ్ బండి మీద వచ్చాడు. "కాగితం తెచ్చిన్రా మేడం? బడికాడ పైపులు దింపినం."

"తెచ్చాను. కానీ అది తప్పు. ఇవ్వను."

"గట్లంటరేంది మేడం? సంతకం గూడ మీదే గదా!"

"నాదే. అందుకే ఇవ్వను" అన్నాను.

ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ప్రతి ఇంటికీ లావణ్యే వెళ్ళింది. నల్లా కాసేపు వదిలేసి, అవే నీళ్ళతో సీసా మూడుసార్లు కడిగి, నింపి, పేరు రాసుకుంది. బాలమ్మ పక్కనే నిలబడి, "సిగ్గయితుంది బిడ్డా, గీ నీళ్ళు నీకియ్యాల్నంటే" అంటూనే ఉంది.

ల్యాబ్‌లో మొదటి శాంపిల్‌కు రీయేజెంట్ కలిపింది. మా కళ్ళముందే ఎరుపు వెలిసిపోయింది. రెండోదీ అంతే. మూడోదానికి నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ కాగితం సర్పంచ్ చేతిలో పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయమేసింది.

బడికి ఆ బోరు కలపలేదు. లావణ్య చాప్టర్ మొత్తం కొట్టేసి మళ్ళీ రాసింది. థీసిస్ ఆర్నెల్లు ఆలస్యమైంది. మొదటి ఫలితాలు ఎందుకు తప్పాయో కూడా అందులో దాచకుండా రాసింది. నా సలహా వల్లేనని రాయమన్నది నేనే. ఆ థీసిస్‌లో నాకు అన్నిటికన్నా విలువైన పేజీ అదే. ఇప్పుడు ఎవరు గ్రాఫ్ తెచ్చినా దాని అందం చూడను. "సీసా ఎవరు నింపారు? నువ్వు పక్కనున్నావా?" అని అడుగుతాను. పిల్లలు వెనక నవ్వుకుంటారని తెలుసు.

అసలు రిపోర్టు చెప్పడానికి బాలమ్మ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళాను. అంతా విని, ఆ కుండవైపు చూసి, మోకాలు నిమురుకుంది.

"నలభై ఏండ్లాయె మేడం, నేనీ నీళ్ళు తాగవట్టి. మీ కాలేజీ గీడనే ఉండె గదా. గిన్నేండ్ల సంది ఒక్కరన్న అడగకపోతిరి?"

ఆ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఏటా నీళ్ళ పరీక్షలు నేర్పింది నేనే. బయటి నుంచి ఒక్క సీసా కూడా తెప్పించలేదు. మా పిల్లలు పరీక్షించింది ఎప్పుడూ ల్యాబ్ నల్లా నీళ్ళనే.