జయమణి గారి కారుతున్న కారు

మర్రిపాలెంలోని ఆ అపార్ట్‌మెంట్ కింద, జయమణి కారు పెట్టుకునే చోట నేల మీద ఒక నల్లమరక ఉండేది. మొదట్లో రూపాయి బిళ్లంత. వేసవి వచ్చేసరికి అప్పడమంత. అసోసియేషన్ సెక్రటరీ శ్రీరామ్మూర్తి గారు రోజూ పొద్దున్నే పేపరు కన్నా ముందు దాన్ని చూసి వెళ్లేవారు. లిఫ్టు నాలుగు నెలలుగా రెండో అంతస్తు దాటకపోయినా, ట్యాంకు పొంగి మెట్ల మీంచి సెలయేరు పారినా చలించని మహానుభావుడికి, ఈ మరక చూడగానే పదవీ బాధ్యతలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేవి.

"సిస్టరమ్మా, మీ కారు మళ్లీ కారిందండి," అనేవారు ఆయన, చావు కబురు మోసుకొచ్చినట్టు మొహం పెట్టి.

"పేరే కారు కదండీ. కారక ఏటి సేత్తాది?" అనేది జయమణి.

సిస్టరమ్మ అన్న పిలుపు ఆసుపత్రిది. ప్రభుత్వ ఆసుపత్రి సర్జరీ వార్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైంది. చేతిరాత కుదరని కుర్ర డాక్టర్లు ఆమె కనుబొమ్మ పైకి లేవగానే మందు చీటీ చింపేసి మళ్లీ రాసేవారని పేరు. కారు ఆమె జీతంతో కొన్నదే, ఇరవై ఆరేళ్ల నాటిది, తెల్లది. తెలుపు ఇప్పుడు ఎక్కువగా రిజిస్ట్రేషన్ పత్రాల్లోనే ఉంది. నడిపేది కూడా ఆమే. భర్త సుందర్ రాజ్ పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయనకూ డ్రైవింగ్ వచ్చు. కాకపోతే పక్క సీట్లో కూర్చున్నప్పుడు ఇంకా బాగా వచ్చు.

కారు లేకపోతే జయమణికి కుదరదు. భీమిలిలో ఆమె అక్క కేథరిన్ ఒక్కతే ఉంటుంది. కాలికి షుగరు పుండు. వారానికి రెండుసార్లు జయమణి వెళ్లి కడిగి కట్టు కడుతుంది. అక్కడి క్లినిక్‌లో కట్టించుకోవచ్చు కదా అంటే, "ఆ పిల్ల పార్శిల్ కట్టినట్టు కడతాది," అంటుంది కేథరిన్.

మరక అప్పడమంత అయ్యాక జయమణి కారుని మద్దిలపాలెంలో ఒక పెద్ద షెడ్డుకి తీసుకెళ్లింది. దాని యజమాని ఉదయ్‌కుమార్. ఏసీ గది, చేపల తొట్టి, వేచి ఉండేవాళ్లకి కాఫీ, అన్నీ ఉన్నాయి. ఉదయ్‌కుమార్ ల్యాప్‌టాప్ చేతపట్టుకుని వచ్చాడు.

"స్కాన్ చేద్దాం మేడమ్. ప్రాబ్లం ఎక్కడుందో కంప్యూటరే చెప్పేస్తుంది."

"బాబూ, ఈ కారులో కంప్యూటర్ లేదు. అది పుట్టేనాటికి నీకు పళ్లు కూడా వచ్చుండవు."

ఉదయ్‌కుమార్ ల్యాప్‌టాప్ మూసి, బానెట్ తెరిచి, చాలాసేపు దేవుడి పటం ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆయిల్ అడుగునుంచి కారుతోంది కాబట్టి అడుగునే మార్చాలన్నాడు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కి కొత్త ప్యాకింగ్ వేశాడు. చిల్లు పడ్డ కుండకి కింద ముగ్గు వేసినంత ప్రయోజనం కలిగింది. తొమ్మిది రోజులు నేల పొడిగా ఉంది. పదో రోజు శ్రీరామ్మూర్తి గారు కాలింగ్ బెల్ నొక్కారు.

తర్వాత కంచరపాలెం ఎల్లాజీ. ఎల్లాజీకి ఏసీ లేదు, చేపల్లేవు. అనుభవం ఉంది. ఆ విషయం ప్రతి వాక్యంలోనూ ఆయనే చెప్పేవాడు.

"అమ్మా, పాతిక సమ్మచ్చరాలై సూత్తన్నాను ఇంజిన్లు. ఇది అడుగున కాదు, పైన. టాపెట్ కవర్ ప్యాకింగ్ పోనాది."

టాపెట్ కవర్ అంటే ఇంజిన్ నెత్తిమీది మూత. దానికి కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టుల్ని పళ్లు బిగబట్టి బిగించాడు. రెండు వారాలు ఆగింది. మళ్లీ వెళితే ఈసారి ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే క్రాంక్ సీల్ పోయిందన్నాడు. గేర్‌బాక్సు దింపి, మూడు రోజులు కారుని ఎముకల గూడులా పరిచి, సీలు మార్చాడు. నెలయ్యేసరికి మళ్లీ మరక.

"ఇప్పుడేటంటావు?" అని అడిగింది జయమణి.

ఎల్లాజీ చేతులు తుడుచుకుని, ఎంతో ఆలోచించి, "వయసమ్మా," అన్నాడు.

ఆ మాట సుందర్ రాజ్‌కి భలే నచ్చింది. "నాను సెప్తే ఇనవు. మెకానిక్కే సెప్పీసినాడు. దాన్ని అమ్మీసెయ్ జయా. పాత ఇనప సామాన్లవాడైనా తీసుకుంటాడు," అన్నాడు, కాఫీ ఊదుకుంటూ. పెళ్లినాడు ఆయనకి ఉన్న జుట్టు, పళ్లు, ఇప్పుడు ఎన్ని మిగిలాయో జయమణి ఒకసారి పరికించి చూసింది. అమ్మకం విషయంలో వయసు లెక్క ఎటు పోతుందో ఆయనకి తట్టలేదు.

జులైలో ఒక మంగళవారం భీమిలి వెళ్తుంటే రుషికొండ దాటాక డాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్రలైటు వెలిగింది. ఆమె వెంటనే బీచ్ రోడ్డు పక్కన ఆపింది. ఆయిల్ కొలిచే కమ్మి తీసి చూస్తే కొసన కాస్త తడి, అంతే. డిక్కీలో ఎప్పుడూ పెట్టుకునే డబ్బాలోంచి ఆయిల్ పోసి, సముద్రం వైపు చూస్తూ పది నిమిషాలు నిలబడింది. ఇద్దరు కుర్రాళ్లు బండాపి, "ఆంటీ, ఏటైనా ప్రాబ్లమా?" అని అడిగి, కారుతో కలిపి ఫోటో తీసుకుని, సాయం చేసినంత తృప్తిగా వెళ్లిపోయారు.

ఆ రోజు కేథరిన్ కట్టు విప్పుతూ జయమణి రెండుసార్లు కిటికీలోంచి కారు వైపు చూసింది.

"నా కాలు బాగులేదా, నీ కారు బాగులేదా?" అంది కేథరిన్.

"నీ కాలే నయం అక్కా. ఎక్కడినుంచి కారతందో తెలుసు."

ఆ మాట తన నోటినుంచే వచ్చింది కానీ, తిరుగు దారంతా ఆమెనే పొడిచింది. ఎక్కడినుంచి కారుతోందో ఎవరూ చూడలేదు. ఇద్దరు మెకానిక్కులు, మూడు అభిప్రాయాలు. వార్డులో రక్తం కారుతున్న గాయాన్ని ముందు తుడవకుండా కుట్టు వేసిన డాక్టరుని ఆమె ఎన్నడూ క్షమించలేదు. ఇక్కడ మాత్రం నెలల తరబడి కుట్ల మీద కుట్లు వేయించుకుంటూ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పాత చీర కట్టుకుని, కిరసనాయిలు, బ్రష్షు, టార్చిలైటు, పౌడర్ డబ్బా పట్టుకుని కిందికి దిగింది. చల్లారిన ఇంజిన్ని గంటన్నర కడిగింది. గుడ్డతో మూలమూలా తుడిచి ఆరబెట్టింది. ఆ తర్వాత టాల్కం పౌడర్ పలచగా చల్లింది. సరిగ్గా అప్పుడే శ్రీరామ్మూర్తి గారు వచ్చారు.

"కారుకి పౌడరేత్తన్నారేటండి?"

"పెళ్లిచూపులున్నాయండి."

ఆయన నవ్వాలో మినిట్స్ పుస్తకంలో రాయాలో తేల్చుకోలేక లిఫ్టు దాకా వెళ్లి, అది రెండో అంతస్తు దాటదని గుర్తొచ్చి మెట్లెక్కారు.

ఇంజిన్ స్టార్టు చేసి ఆమె టార్చి పట్టుకుని కూర్చుంది. పావుగంటకి తెల్లటి పౌడర్ మీద తడి కనబడింది. టాపెట్ కవర్ వెనక మూల, ఎల్లాజీ కొత్త ప్యాకింగ్ వేసిన చోటే. అక్కడినుంచి ఒక సన్నటి చార ఇంజిన్ వీపు మీదుగా దిగి, అడుగున బొట్టు కడుతోంది. అంటే ఉదయ్‌కుమార్ మార్చిన అడుగు పాపం ఏ తప్పూ చేయలేదు. ఇంకాసేపటికి ఆయిల్ కమ్మి మొదట్లో కూడా తడి. ఒకేసారి రెండు చోట్ల.

ఆమె ఆయిల్ పోసే మూత నెమ్మదిగా తిప్పింది. వేడిగాలి బుస్సుమని మొహాన కొట్టింది. కళ్లద్దాల నిండా ఆయిల్ తుంపర.

అద్దాలు తుడుచుకుంటుంటే జయమణికి వార్డు గుర్తొచ్చింది. పేషెంటుకి మూత్రపు గొట్టం పెట్టాక పక్కలోంచి కారుతుంటే ఏ నర్సూ గట్టిగా కట్టు కట్టదు. గొట్టం ఎక్కడ మూసుకుపోయిందో వెతుకుతుంది. లోపలి ఒత్తిడికి దారి లేకపోతే అది ఎక్కడ వీలైతే అక్కడ తోసుకొస్తుంది. ఈ ఇంజిన్‌కీ ఊపిరి వదిలే దారి ఒకటి ఉండి తీరాలి.

ఇంజిన్ ఆపి వెతికితే దొరికింది. నెత్తి మూతనుంచి ఎయిర్ ఫిల్టర్ దాకా వెళ్లే రబ్బరు గొట్టం. వేళ్లతో నొక్కుకుంటూ వెళ్తే చివర క్లిప్పు కింద గట్టిగా ఏదో తగిలింది. క్లిప్పు ఊడదీసి పటకారుతో లాగింది. బూడిదరంగు రబ్బరు మూత ఊడి అరచేతిలో పడింది. మధ్యలో రెండు సూది పోట్లు.

ఇంజెక్షన్ సీసా మూత. ఆమె వార్డుదే. కుర్చీ కాళ్ల కింద పెట్టడానికి ఒకప్పుడు ఇంటికి తెచ్చేది. మిగిలినవి బిస్కెట్ డబ్బాలో దాచిన మనిషి ఇంట్లో ఒక్కడే.

సుందర్ రాజ్ బాల్కనీలో కాఫీ తాగుతున్నాడు. ఆమె ఆ మూతని సాసర్లో పెట్టింది.

"ఏటిది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"కారు ముక్కులో."

ఆయన కాసేపు రోడ్డు మీద పోయే ఆటోల్ని లెక్కపెట్టాడు. "కిందటి దసరాలో ఎయిర్ ఫిల్టర్ తీస్తే దాన్నిండా ఆయిలే. ఆ గొట్టంలోంచి వత్తందని నానే కనిపెట్టాను. నీకు సెప్తే కంగారు పడతావని, మూసీసాను. మళ్లీ ఫిల్టర్ చుక్క తడవలేదు, సూసుకో."

"అవునండి. ఫిల్టరొక్కటీ తడవలేదు. ఇంజిన్, రోడ్డు, అపార్ట్‌మెంటు తడిసినాయి."

అరవాలనే పైకి వచ్చింది ఆమె. కానీ నడుం నొప్పితో చెప్పు తొడుక్కోవడానికే గోడ పట్టుకునే మనిషి, బానెట్లోకి వంగి, సీసా మూత గొట్టంలో కుక్కి, తనకి చెప్పకుండా తొమ్మిది నెలలపాటు మురిసిపోయాడని ఊహించుకునేసరికి, కోపం సగంలోనే నవ్వయిపోయింది. ఆ నవ్వు ఆయనకి తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. రెండు రోజులు ఏ విషయంలోనూ సలహా ఇవ్వలేదు. ఇంట్లో అది రికార్డు.

గొట్టాన్ని కిరసనాయిల్లో నానబెట్టి లోపలి జిగురంతా తీసింది జయమణి. వంకరపోయిన టాపెట్ కవర్‌ని ఎల్లాజీ చదును చేసి, ప్యాకింగ్ మళ్లీ వేశాడు. సంగతి విని తలూపాడు.

"నాను ముందే అనుకున్నానమ్మా, గాలిదారే అయ్యుంటాదని."

"అనుకుని ఎవరికి సెప్పావు?"

ఎల్లాజీ స్పానరు వెతుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. చాలాసేపు అది దొరకలేదు.

ఆగస్టు, సెప్టెంబరు గడిచాయి. భీమిలికి పదహారుసార్లు వెళ్లొచ్చినా కమ్మి మీద ఆయిల్ గీత కిందికి దిగలేదు. సుందర్ రాజ్‌కి గొంతు తిరిగొచ్చింది. పోర్టు రిటైర్డు మిత్రుల దగ్గర, "లోపల ప్రెషర్ ప్రాబ్లం. మేం కనిపెట్టాం," అని చెబుతున్నాడని జయమణి చెవిన పడింది. అసలు కారణాన్ని కనిపెట్టింది ఆమె, కల్పించింది ఆయన. ఆ లెక్కన 'మేం' అనడంలో అబద్ధం లేదని ఊరుకుంది.

అక్టోబరులో ఎల్లాజీ ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మా, ఓ డాక్టరు గారి కారొచ్చింది. నాలుగు సీళ్లు మార్చినా కారతంది. ఓ పాలి వచ్చి సూత్తారేటి?"

"ముందు ఇంజిన్ కడిగించు. కడక్కుండా నాను సెయ్యి పెట్టను," అంది ఆమె.

మర్నాడు మధ్యాహ్నం పౌడర్ డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరింది. కారు ఇంట్లో లేదు. మిత్రులకి ఇంజిన్ చూపించడానికి సుందర్ రాజ్ తీసుకెళ్లాడు. జయమణి కంచరపాలెం ఆటో ఎక్కింది.