ఇనీషియల్ లేని ఫ్రీసెన్

ఒరీస్యా హ్నాట్యుక్‌కి ఐస్ హాకీ అంటే చిరాకు. ఇరవై ఆరేళ్లుగా విన్నిపెగ్ జట్టు చొక్కాల వీపుల మీద పేర్లు కుడుతోంది గానీ, మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నది రెండేసార్లు. అందులో ఒకసారి కునుకు తీసింది. అయినా జూలై ఒకటిన మాత్రం ఫోను పక్కనుంచి కదలదు. ఆ రోజు ఉదయం పదకొండు నుంచి, కాంట్రాక్టు తీరిన ఆటగాళ్లను ఏ జట్టయినా చేర్చుకోవచ్చు. సాయంత్రం కొత్తగా చేరినవాడు తన పేరున్న చొక్కా కెమెరాల ముందు పట్టుకోవాలంటే, ఎవరొస్తున్నారో పేపరువాళ్లకంటే ముందు ఒరీస్యాకి తెలియాల్సిందే.

విన్నది కడుపులో దాచుకోవాలన్నది జట్టు షరతు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు ఆవిడ. పాపం, ఆయన పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఈ ఏడు ఆవిడ ఆత్రం వేరు. పక్కింటి రూబెన్ ఫ్రీసెన్ కాంట్రాక్టు కూడా తీరింది. తొమ్మిదేళ్లుగా ఇదే జట్టు, ముప్పై నాలుగేళ్ల వయసు, అరిగిన మోకాళ్లు. జర్మనీలో ఒక జట్టు ఏడాదికి తీసుకుంటామంది, ఇవాళ పన్నెండింటిలోగా జవాబు చెప్పమంది. సొంతూరివాళ్లు పిలుస్తారని ఇతనేమో దాన్ని నానబెడుతున్నాడు. రెండూ తప్పిపోతే అతని ఆట ఇవాళ్టితో సరి.

పదకొండుంబావుకి ఫోను మోగింది. జట్టు సామాన్లన్నీ చూసుకునే డారిల్.

"రాసుకో ఒరీస్యా. ఫ్రీసెన్. ఎఫ్, ఆర్..."

"ఆ పేరు నాకు నేర్పుతున్నావా?" ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "పాత తొమ్మిదో నంబరేగా?"

"కాదు, నలభై ఒకటి. కాల్గరీ జట్టు నుంచి వస్తున్నాడు. టైలర్ ఫ్రీసెన్."

ఈ మానిటోబా రాష్ట్రంలో ఫ్రీసెన్‌లకు కొదవేముంది? ఒకే ఇంటిపేరువాళ్లు జట్టులో ఇద్దరుంటే ఇద్దరికీ పేరు ముందు ఇనీషియల్ కుట్టాలి. ఆవిడ మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఇనీషియల్ పెట్టాలా?"

"అక్కర్లేదు," అన్నాడు డారిల్ మెల్లగా.

ఆవిడ చొక్కా వీపున నంబరు అతికించి మడిచి పెట్టి, పేరు అక్షరాలు కత్తిరించి బల్ల మీద వరసగా పేర్చేసరికి, పెరటి తలుపు తోసుకుని రూబెన్ వచ్చాడు, మొన్న ఆవిడ బంగాళాదుంప కూరిన పిరోగీలు పంపిన గిన్నె తిరిగివ్వడానికి. బల్లవైపు చూసి అక్కడే ఆగిపోయాడు.

"నా పేరే కదాంటీ ఇది. ఏజెంటు వెధవ ఇంకా చెప్పనే లేదు, నిద్రపోతున్నట్టున్నాడు." మొహమంతా నవ్వే. పొయ్యి మీది పిరోగీ ఒకటి నోట్లో వేసుకుని జేబులోంచి ఫోను తీశాడు. "ముందు ఆ జర్మనీవాళ్లకి వద్దని చెప్పేస్తా, పాపం ఎదురుచూస్తుంటారు."

గడియారంలో పన్నెండుకి పావుగంట తక్కువ.

"ఆ ఫోను అక్కడ పెట్టు. ఇది చూడు." చొక్కా వీపు అతనివైపు తిప్పింది.

"నంబరు తప్పేశావు."

"వెయ్యలేదు నాన్నా."

అతను ఆ నలభై ఒకటిని చాలాసేపు చూశాడు. "ఇంకో ఫ్రీసెనా? ఎవరి కొడుకట?" ఫ్రీసెన్‌లు పుట్టిన మెన్నోనైట్ మతశాఖ వాళ్లకి ఏ కష్టంలోనైనా ముందు చుట్టరికమే గుర్తొస్తుంది.

"నాకేం తెలుసు."

"మరి ఇనీషియల్ పెట్టలేదేం?"

"ఇద్దరుంటేనే కదా పెట్టేది."

రూబెన్ ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. కిటికీలోంచి అతని వీపొక్కటే కనిపిస్తోంది. ఒరీస్యా ఇరవై ఆరేళ్ల మాట తప్పింది. వెంటనే డారిల్‌కి ఫోను చేసింది.

"రూబెన్‌కి చెప్పేశాను. ఇకమీదట ఇంకెవరితోనైనా కుట్టించుకోండి."

"పన్నెండు దాటలేదుగా?" అని అడిగాడు డారిల్.

"లేదు. ఇంకా ఏడు నిమిషాలుంది. జర్మనీవాళ్లతోనే మాట్లాడుతున్నాడు."

"హమ్మయ్య," అన్నాడు డారిల్. "రెండింటికి మనిషిని పంపుతా. కుట్టి ఉంచు."